పిత్తాశయం వాచినప్పుడు ఆపరేషన్ ఎప్పుడు చేయించుకోవాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పిత్తాశయంలో రాయి అడ్డుపడి, ఉన్నట్టుండి వాపు వచ్చి ఆసుపత్రిలో చేరినవారి కుటుంబాలు దాదాపు ఒకే రకమైన సందేహాలతో సతమతమవుతుంటాయి. ఆపరేషన్ అవసరమని అందరూ చెబుతారు. ఇప్పుడా, నెలన్నర తర్వాతా అన్న దగ్గరే ఒక డాక్టరు మాటకూ మరొకరి మాటకూ పొంతన కుదరదు. ఆ విషయం మీద పదే పదే వచ్చే ప్రశ్నలను అడిగేవారి మాటల్లోనే ఇక్కడ కూర్చాము. వీటిలో దేనినైనా విడిగా చదువుకోవచ్చు. రోగిని స్వయంగా పరీక్షించిన సర్జన్ నిర్ణయానికి ఈ పేజీ బదులు కాదు. ఆ సర్జన్‌ను ఏమేమి అడగాలో తెలుసుకోవడానికి ఉపయోగపడుతుంది.

## నొప్పి మొదలైన తొలి గంటల్లో

ఇది గ్యాస్ నొప్పో, గాల్‌బ్లాడర్ నొప్పో ఎలా తెలుస్తుంది?

పిత్తాశయం నొప్పి సాధారణంగా కుడి పక్కటెముకల కింద గానీ, పొట్ట పైభాగం మధ్యలో గానీ మొదలై, కుడి భుజం వెనక్కు పాకుతుంది. నూనె, నెయ్యి ఎక్కువగా ఉన్న భోజనం తిన్న కొన్ని గంటలకు రావడం, పసరు వాంతులు కావడం తరచుగా కనిపిస్తుంది. రాయి కాసేపు అడ్డుపడి తప్పుకుంటే నొప్పి కొన్ని గంటల్లో పూర్తిగా పోతుంది. ఐదారు గంటలు దాటినా తగ్గకుండా జ్వరం కూడా తోడైతే వాపు మొదలైందని అనుమానించాలి.

డాక్టరు కుడి పక్కటెముకల కింద వేళ్లు ఆనించి, గట్టిగా ఊపిరి పీల్చమంటారు. ఊపిరితో పాటు కిందికి దిగిన పిత్తాశయం ఆ వేళ్లకు తగలగానే నొప్పితో ఊపిరి సగంలో ఠక్కున ఆగిపోతే, అది చాలా బలమైన సూచన. తర్వాత అల్ట్రాసౌండ్ స్కానింగ్‌లో రాయి, మందమెక్కిన గోడ, చుట్టూ చేరిన నీరు కనిపిస్తాయి. నడివయసు దాటినవారికి ఈసీజీ కూడా తప్పనిసరిగా తీయించాలి, ఎందుకంటే గుండెపోటు నొప్పి కూడా కొందరికి ఇదే చోట వస్తుంది.

రెండేళ్ల క్రితం స్కానింగ్‌లో రాళ్లు కనిపిస్తే ఆపరేషన్ వద్దన్నారు. ఇప్పుడెందుకు కావాలంటున్నారు?

అప్పటి సలహా, ఇప్పటి సలహా రెండూ సరైనవే. ఏ బాధా పెట్టని రాళ్లున్నవారిలో చాలామందికి జీవితాంతం ఇబ్బంది రాదు కనుక, వారికి సాధారణంగా ఆపరేషన్ చేయరు. ఒకసారి రాయి పిత్తాశయం మెడలో ఇరుక్కుని వాపు తెచ్చిందంటే పరిస్థితి మారిపోయినట్టే. అటువంటి పిత్తాశయం మళ్లీ మొరాయించే అవకాశం ఎక్కువ.

మా ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకుంటే నొప్పి తగ్గింది. రెండు రోజులు చూసి వెళ్తే సరిపోదా?

సరిపోదు. నొప్పి తగ్గించే ఇంజెక్షన్ బాధను తగ్గిస్తుంది గానీ, ఇరుక్కున్న రాయిని కదిలించదు. ఆపరేషన్ ఎంత సులువుగా జరుగుతుందనేది నొప్పి మొదలైన గంట నుంచి లెక్కకు వస్తుంది, ఆసుపత్రిలో చేరిన గంట నుంచి కాదు. గ్యాస్‌కు ఇచ్చే పాంటోప్రజోల్ మాత్రలతో, ఇంజెక్షన్లతో ఇంటి దగ్గర గడిచిపోయే ఆ రెండు మూడు రోజులే ఆపరేషన్‌కు అన్నిటికన్నా అనువైన రోజులు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు నొప్పి ఏ రోజు, ఏ పూట మొదలైందో, ఏ ఇంజెక్షన్ ఎప్పుడు చేశారో కాగితం మీద రాసి తీసుకువెళ్లండి.

రాళ్లు కరిగించే మందు వాడితే ఆపరేషన్ తప్పుతుందా?

తప్పదు. అర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందు చిన్న కొలెస్టరాల్ రాళ్లను మాత్రమే, అదీ నెలల తరబడి వాడితేనే కరిగించగలదు. మానేశాక రాళ్లు తిరిగి వస్తుంటాయి. వాపు వచ్చిన సమయంలో దానివల్ల ప్రయోజనం లేదు. మూత్రపిండాల్లో రాళ్లకని ఇచ్చే కొండపిండి ఆకు వంటివి కూడా ఇక్కడ పనిచేయవు. ఆ రాళ్లూ ఈ రాళ్లూ తయారయ్యే పదార్థం వేరు, బయటికి వెళ్లే దారి వేరు.

## ఆసుపత్రిలో చేరిన తర్వాత

ఒక డాక్టరు వెంటనే చేద్దామంటారు, ఇంకొకరు వాపు తగ్గాక ఆరు వారాలకు చేద్దామంటారు. ఎవరి మాట వినాలి?

రోగి మత్తుమందును తట్టుకోగలిగితే, అనుభవమున్న సర్జన్ అందుబాటులో ఉంటే, ఆసుపత్రిలో చేరిన ఈ విడతలోనే ఆపరేషన్ పూర్తి చేయడం మేలని నేటి వైద్య ఆధారాలు స్పష్టంగా చెబుతున్నాయి.

ఆరు వారాలు ఆగాలన్న సలహాకు ఒక చరిత్ర ఉంది. చిన్న రంధ్రాల ద్వారా పిత్తాశయాన్ని తీసే (కీహోల్) పద్ధతిని 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె మొదలుపెట్టారు. మన దేశంలో 1990లో ముంబయిలోని జె.జె. ఆసుపత్రిలో డాక్టర్ తెహెంతన్ ఉద్వాడియా చేశారు. ఆ తొలి సంవత్సరాల్లో కెమెరాలు, పరికరాలు, అనుభవం అన్నీ పరిమితమే కాబట్టి, వాచిన పిత్తాశయం జోలికి వెళ్లకుండా యాంటీబయాటిక్స్‌తో చల్లార్చి తర్వాత తీయడమే క్షేమమని భావించారు. ఆ కాలంలో శిక్షణ పొందినవారికి ఆ పద్ధతి అలవాటుగా మిగిలిపోయింది. 1998లో హాంకాంగ్ నుంచి వెలువడిన రెండు అధ్యయనాలు త్వరగా చేసినా ప్రమాదం పెరగదని చూపించాయి.

అన్నిటికన్నా బలమైన సాక్ష్యం 2013లో ప్రచురితమైంది. జర్మనీ, స్లొవేనియా దేశాల్లో 618 మంది రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు ఆసుపత్రిలో చేరిన 24 గంటల లోపు, మరో జట్టుకు యాంటీబయాటిక్స్ ఇచ్చి 7 నుంచి 45 రోజుల మధ్య ఆపరేషన్ చేశారు. త్వరగా చేసినవారిలో 11.8 శాతం మందికి, ఆలస్యంగా చేసినవారిలో 34.4 శాతం మందికి ఏదో ఒక చిక్కు ఎదురైంది. త్వరగా చేసినవారు ఆసుపత్రిలో గడిపిన రోజులు సగటున 5.4 అయితే, ఆగినవారికి 10. ఖర్చు కూడా ఆగినవారికే ఎక్కువైంది. ఇంత తేడా కనిపించాక, తట్టుకోగల రోగిని కేవలం అలవాటు కొద్దీ ఆరు వారాలు ఆపడం సమర్థనీయం కాదని మా దృఢమైన అభిప్రాయం. ఆగమంటున్న డాక్టరును మర్యాదగా ఒక్క మాట అడగండి: "ఈ అడ్మిషన్‌లోనే చేయకపోవడానికి మా రోగిలో ప్రత్యేకమైన కారణం ఏమైనా ఉందా అండీ?" కారణం ఉంటే వివరంగా చెబుతారు.

వాపు మీద కత్తి పెడితే ప్రమాదం కదా?

ఏ రోజు వాపు అన్నదాన్ని బట్టి ఉంటుంది. మొదటి రెండు మూడు రోజుల్లో పిత్తాశయం గోడలోకి నీరు చేరి ఉబ్బుతుంది. ఆ నీటి వల్ల కాలేయానికీ పిత్తాశయానికీ మధ్య పొర వదులవుతుంది. రాత్రంతా నానిన బాదంపప్పు నుంచి పొట్టు జారినట్టు, సర్జన్ చేతికి ఆ పొర తేలికగా విడివడుతుంది. ఆ తర్వాతి రోజుల్లో గోడలోని రక్తనాళాలు మూసుకుపోయి అక్కడక్కడా కణజాలం చచ్చిపోవడం, వారం దాటేసరికి చీము చేరడం జరగవచ్చు. శరీరం ఆ మంటను అదుపు చేయడానికి పక్కనున్న కొవ్వు పొరను, చిన్నపేగు మొదటి భాగాన్ని, పెద్దపేగును తెచ్చి అతికిస్తుంది. ఆ అతుకు గట్టిపడ్డాక ఏది నాళమో, ఏది మచ్చకట్టిన కణజాలమో గుర్తించడం కష్టమవుతుంది. కాలేయం నుంచి పేగుకు పిత్తరసాన్ని చేర్చే పిత్తనాళానికి గాయమయ్యే ప్రమాదం అక్కడే ఉంటుంది.

వాపు తగ్గే దాకా ఆగితే ఆపరేషన్ సులువవుతుందన్న నమ్మకం అందుకే అన్ని వేళలా నిజం కాదు. ఆరు వారాల తర్వాత కొందరిలో అతుకులు సడలుతాయి, మరికొందరిలో మరింత బిగుసుకుపోతాయి.

నొప్పి వచ్చి 72 గంటలు దాటింది. ఇక ఇప్పుడు చేయరా?

చేయవచ్చు. 72 గంటలన్నది గీత గీసిన గడువేమీ కాదు. పిత్తాశయ వాపు చికిత్సకు అంతర్జాతీయ నిపుణులు రూపొందించిన టోక్యో మార్గదర్శకాలు 2013లో ఆ వ్యవధికి ప్రాధాన్యమిచ్చాయి. 2018లో సవరించినప్పుడు, రోగి తట్టుకోగలిగితే నొప్పి మొదలై ఎన్ని గంటలైనా సరే త్వరగా చేయడమే మంచిదన్నాయి. అత్యవసర శస్త్రచికిత్సల ప్రపంచ సంఘం 2020లో ఇచ్చిన సలహా ప్రకారం ఆసుపత్రిలో చేరిన 7 రోజుల లోపు, నొప్పి మొదలైన 10 రోజుల లోపు పూర్తి చేయాలి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ వ్యాధి నిర్ధారణ అయిన వారం లోపు చేయమంటుంది. ఈ వ్యవధిలోనైనా రెండో రోజు నాలుగో రోజు కన్నా మేలు. పది రోజులు దాటి, లోపల గడ్డ కట్టి ఉంటే, ఆగి చేయడమే క్షేమమని సర్జన్ నిర్ణయించవచ్చు.

అర్ధరాత్రే చేయాలా? తెల్లారే దాకా ఆగవచ్చా?

చాలామంది విషయంలో ఆగవచ్చు. ముందు సెలైన్, యాంటీబయాటిక్స్, నొప్పి మందు ఇచ్చి, రక్తపరీక్షలు పూర్తి చేసి, మరునాడు పగటిపూట అనుభవమున్న బృందం చేతిలో జరిగే ఆపరేషనే మంచిది. పిత్తాశయం పగిలి పొట్టంతా విషమెక్కినప్పుడు, గోడ కుళ్లిపోతున్న సూచనలున్నప్పుడు మాత్రం రాత్రయినా పగలైనా ఆలస్యం చేయకూడదు.

ఇక్కడి నర్సింగ్‌హోమ్ సర్జన్ వాపు మీద చేయనంటున్నారు. వేరే చోటికి తీసుకువెళ్లాలా?

తన చేతికి అలవాటు లేని ఆపరేషన్ చేయనని ముందే చెప్పిన సర్జన్ మీకు మేలే చేస్తున్నారు. అయితే చేయనని చెప్పడంతో పాటు, చేసేవారి దగ్గరికి వెంటనే పంపాలని అడగండి. ఇటువంటి ఆపరేషన్లు తరచుగా చేసే పెద్ద ఆసుపత్రికి రెండో రోజున చేరడానికీ, ఇక్కడే వారం రోజులు యాంటీబయాటిక్స్ మీద ఉండి చేరడానికీ చాలా తేడా ఉంటుంది. స్కానింగ్ రిపోర్టు, రక్తపరీక్షలు, ఇచ్చిన మందుల వివరాలు వెంట ఉంటే అక్కడ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిన పని ఉండదు.

ఎల్లుండి అమావాస్య. మంచిరోజు చూసుకుని చేయించుకోవచ్చా?

రోగి పరిస్థితి నిలకడగా ఉంటే, ఒక పూట అటూ ఇటూ మార్చడానికి చాలామంది సర్జన్లు ఒప్పుకుంటారు; అమావాస్యకు ముందే రేపు ఉదయం చేయమని అడగడం ఇంకా మంచిది. మూఢం వెళ్లే దాకా, ఆషాఢం గడిచే దాకా, ఇంట్లో పెళ్లి అయ్యే దాకా ఆగడం మాత్రం వేరే సంగతి. వాయిదా వేసిన ఆ వారాల్లో మళ్లీ నొప్పి వస్తే, అది పెళ్లిరోజే రావచ్చు. పెద్దల నమ్మకాన్ని కాదనకుండానే ఈ మాట వారికి నెమ్మదిగా వివరించవచ్చు.

నేను అమెరికాలో ఉన్నాను. అమ్మకు ఆపరేషన్ అంటున్నారు. నేను వచ్చే దాకా ఆపవచ్చా?

మీరు పక్కన ఉండాలనుకోవడం సహజమే. కానీ టికెట్ దొరికి, ప్రయాణం చేసి మీరు ఇల్లు చేరేసరికి అనువైన రోజులు చాలావరకు గడిచిపోతాయి. అమ్మగారు స్పృహలో ఉండి, విషయం అర్థం చేసుకోగలిగితే సమ్మతి పత్రం మీద సంతకం ఆమెదే కావాలి. కొడుకో కూతురో రావాలన్న నియమం లేదు. సర్జన్‌తో వీడియో కాల్‌లో మాట్లాడండి. రాత్రి పక్కన ఉండేందుకు దగ్గరి బంధువును ఏర్పాటు చేయండి. మీ ప్రయాణాన్ని ఆమె డిశ్చార్జి అయి ఇంటికి వచ్చే రోజులకు పెట్టుకుంటే, ఆమెకు మీ అవసరం అప్పుడే ఎక్కువగా ఉంటుంది.

## వేరే జబ్బులు ఉన్నప్పుడు

గుండెకు స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మందులు వాడుతున్నారు. ఆపరేషన్ చేయవచ్చా?

స్టెంట్ వేసి ఎన్నాళ్లయిందన్నదే ఇక్కడ ముఖ్యం. ఇటీవలే గుండెపోటు వచ్చినా, స్టెంట్ వేసి కొద్ది నెలలే అయినా, మందులు ఆపడం వల్ల స్టెంట్ మూసుకుపోయే ప్రమాదం ఉంటుంది కనుక, కార్డియాలజిస్టు, మత్తు డాక్టరు, సర్జన్ ముగ్గురూ కలిసి నిర్ణయించాలి. ఆస్పిరిన్‌ను చాలాసార్లు ఆపకుండానే ఆపరేషన్ చేస్తారు. క్లోపిడోగ్రెల్ వంటివాటి ప్రభావం పోవడానికి ఐదారు రోజులు పడుతుంది. ఏ మందునూ ఇంట్లో మీ అంతట మీరు ఆపవద్దు.

షుగర్ 300 ఉంది. అదుపులోకి వచ్చే దాకా ఆగాలంటున్నారు. నిజమేనా?

ఇన్సులిన్ డ్రిప్‌తో షుగర్‌ను కొన్ని గంటల్లో సురక్షిత స్థాయికి తేవచ్చు. అంతవరకు ఆగడం సరైనదే. వారాల తరబడి ఆగడం సరికాదు, ఎందుకంటే లోపలి ఇన్ఫెక్షనే షుగర్‌ను పెంచుతూ ఉంటుంది. మధుమేహం ఉన్నవారిలో పిత్తాశయం గోడ కుళ్లిపోయే ప్రమాదం ఎక్కువ. పైగా వారికి నొప్పి అంతగా తెలియకపోవచ్చు. నొప్పి తక్కువగా ఉందని వారి విషయంలో నిశ్చింతగా ఉండకూడదు.

నాన్నగారికి ఎనభై ఏళ్లు. ఆపరేషన్ బదులు పైపు వేద్దామంటున్నారు. అది చాలదా?

వయసు ఒక్కటే ఆపరేషన్‌కు అడ్డు కాదు. చర్మం గుండా పిత్తాశయంలోకి సన్నని పైపు వేసి చీమును బయటికి తీయడం, మత్తుమందును ఏమాత్రం తట్టుకోలేని స్థితిలో ఉన్నవారికి ప్రాణం నిలిపే మార్గం. రక్తపోటు పడిపోయి, మూత్రపిండాలో ఊపిరితిత్తులో దెబ్బతిన్నవారికి దీనిని ఎంచుకుంటారు. అయితే ప్రమాదం ఎక్కువగా ఉన్న రోగులలో కూడా, మరీ విషమించని పక్షంలో, పైపు కన్నా ఆపరేషనే మెరుగని నెదర్లాండ్స్‌లో జరిగి 2018లో ప్రచురితమైన అధ్యయనం చూపించింది. అందులో పైపు వేసినవారిలో 65 శాతం మందికి పెద్ద చిక్కులు రాగా, ఆపరేషన్ చేసినవారిలో 12 శాతం మందికే వచ్చాయి. ఆ తేడా చూసి అధ్యయనాన్ని మధ్యలోనే ఆపేశారు. పైపు వేస్తే, కోలుకున్నాక సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలకు ఆపరేషన్ సంగతి మళ్లీ ఆలోచిస్తారు. ఆ పైపు ఊడకుండా చూసుకోవడం, సంచిలో చేరేదాన్ని రోజూ కొలవడం ఇంట్లోవారి మీద పడే పని అని కూడా ముందే తెలుసుకోవాలి.

అమ్మాయి అయిదో నెల గర్భిణి. కాన్పు అయ్యే దాకా ఆగవచ్చా?

అయిదో నెల నిజానికి ఈ ఆపరేషన్‌కు గర్భధారణలో అన్నిటికన్నా అనువైన సమయం. వాపు వచ్చాక కాన్పు దాకా నాలుగు నెలలు నెట్టుకురావాలని చూస్తే నొప్పి తిరగబెట్టడం, క్లోమం (ప్యాంక్రియాస్) వాయడం, నెలలు నిండకుండానే నొప్పులు రావడం వంటివి తల్లికీ బిడ్డకూ ముప్పు తెస్తాయి. ప్రసూతి వైద్యురాలు, సర్జన్ ఇద్దరూ ఉన్న ఆసుపత్రిలోనే చేయించాలి. నెలలు నిండిన తర్వాత వాపు స్వల్పంగా వస్తే, కాన్పు అయ్యాక చేద్దామనవచ్చు.

కళ్లు పచ్చబడ్డాయి. ముందు ఎండోస్కోపీ చేస్తామంటున్నారు. ఆపరేషన్ ఆ తర్వాత ఎప్పుడు?

కామెర్లు కనిపిస్తే, రాయి పిత్తాశయం దాటి ప్రధాన పిత్తనాళంలోకి జారి ఉండవచ్చు. పిత్తనాళాలను చూపే ఎంఆర్‌సీపీ స్కాన్‌తో దాన్ని నిర్ధారించి, ఈఆర్‌సీపీ అనే ఎండోస్కోపీతో తీస్తారు. నాళంలో రాయి తీసేసినా, రాళ్లు తయారయ్యే పిత్తాశయం లోపలే ఉంది కనుక, వీలైతే అదే విడతలో, లేకపోతే రెండు వారాల లోపు ఆపరేషన్ చేయించాలి. రాయి వల్ల క్లోమం స్వల్పంగా వాచినవారికి కూడా డిశ్చార్జికి ముందే చేయడం మంచిది. క్లోమం తీవ్రంగా దెబ్బతిని చుట్టూ ద్రవం చేరినప్పుడు మాత్రం వారాలు ఆగక తప్పదు.

## ఆపరేషన్ వాయిదా పడితే

మందులిచ్చి డిశ్చార్జి చేసి, ఆరు వారాలకు రమ్మన్నారు. ఈ లోపు ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

డిశ్చార్జి కాగితం మీద ఆపరేషన్ తేదీ రాయించుకోండి. "తర్వాత రండి" అన్న మాటతో ఇంటికి వెళ్లినవారిలో చాలామంది తిరిగి వచ్చేది మరో నొప్పితోనే. నూనె, నెయ్యి, వేపుళ్లు బాగా తగ్గించాలి. దానివల్ల నొప్పి రాదన్న హామీ లేదు గానీ, అవకాశం తగ్గుతుంది. నొప్పి మళ్లీ నాలుగైదు గంటలు ఆగకుండా వచ్చినా, చలిజ్వరం వచ్చినా, కళ్లు గానీ మూత్రం గానీ పచ్చగా మారినా, ఇచ్చిన తేదీ కోసం చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

నొప్పి పూర్తిగా పోయింది. ఇక ఆపరేషన్ మానేయవచ్చా?

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో ఆపరేషన్ లేకుండా ఇంటికి వెళ్లిన పది వేల మందికి పైగా రోగుల వివరాలు పరిశీలిస్తే, 12 వారాల లోపే 19 శాతం మంది, ఏడాది లోపు 29 శాతం మంది రాళ్ల సంబంధమైన బాధతో మళ్లీ ఆసుపత్రికి వచ్చారు. వారిలో కొందరికి ఈసారి నాళం మూసుకుపోవడమో, క్లోమం వాయడమో జరిగింది. ఆపరేషన్‌ను తట్టుకోలేని ఆరోగ్యస్థితి ఉన్నవారు మానేయడం అర్థం చేసుకోదగినది. మిగతావారికి మానేయమని చెప్పలేము.

## ఖర్చు, అనుమతులు

ఆరోగ్యశ్రీ, ఇన్సూరెన్స్ అనుమతి కోసం రోజులు గడుస్తున్నాయి. ఏం చేయాలి?

తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవ కింద చేరినవారు ఆసుపత్రిలోని సహాయక కేంద్రానికి చేరిన రోజే వెళ్లి, ఈ చికిత్స ఆ ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో అడగాలి. అత్యవసర కేసులకు ముందుగా ఫోన్ ద్వారా అనుమతి తీసుకునే వీలుంది. "అత్యవసరం" అన్న మాట సర్జన్ కేసు షీటులో రాస్తేనే అది కుదురుతుంది.

ప్రైవేటు పాలసీల విషయంలో ఒక చిక్కు ఉంది. చాలా పాలసీలలో పిత్తాశయ రాళ్లకు మొదటి రెండేళ్లు వర్తించదన్న షరతు ఉంటుంది, కాబట్టి పాలసీ తీసుకున్న తేదీ చూసుకోండి. ఉద్యోగ సంస్థ ఇచ్చే గ్రూప్ పాలసీలలో సాధారణంగా ఆ షరతు ఉండదు. నగదు రహిత చికిత్సకు దరఖాస్తు అందిన గంటలోపు బీమా సంస్థ నిర్ణయం చెప్పాలని 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. ఆలస్యమవుతుంటే ఆ నియమాన్ని గుర్తుచేయండి.

## ఆపరేషన్ రోజు, ఆ తర్వాత

కీహోల్ అని తీసుకువెళ్లి పొట్ట కోశారు. పొరపాటు జరిగిందా?

చాలాసార్లు అది పొరపాటు కాదు, జాగ్రత్త. కెమెరాలో నాళాలు స్పష్టంగా కనిపించకపోతే పొట్ట తెరవడమో, పిత్తాశయంలో కొంత భాగాన్ని వదిలి మిగిలినది తీయడమో చేస్తారు. పిత్తనాళం తెగితే రోగి ఏళ్ల తరబడి బాధపడాలి. దానితో పోలిస్తే కోత పొడవు చిన్న విషయం. ఈ అవకాశం గురించి ఆపరేషన్‌కు ముందే చెప్పించుకోండి.

ఆపరేషన్ అయ్యాక యాంటీబయాటిక్స్ ఎన్ని రోజులు?

స్వల్ప, మధ్యస్థ స్థాయి వాపులో పిత్తాశయం తీసేశాక 24 గంటలకు మించి సాధారణంగా అవసరం ఉండదు. చీము, పగులు ఉన్నప్పుడు మరికొన్ని రోజులు ఇస్తారు.

ఇంటికి వచ్చాక ఏవి గమనించాలి?

చాలామంది ఒకటి రెండు రోజుల్లో ఇంటికి వెళ్లి, వారం పది రోజుల్లో మామూలు పనులు చేసుకుంటారు. భుజంలో లాగినట్టు ఉండడం లోపల నింపిన గాలి వల్ల వస్తుంది, రెండు మూడు రోజుల్లో పోతుంది. పొట్ట నొప్పి రోజురోజుకూ తగ్గాల్సింది పోయి పెరుగుతుంటే, పొట్ట ఉబ్బితే, జ్వరం గానీ కామెర్లు గానీ వస్తే, పిత్తరసం కారుతూ ఉండవచ్చు; సమీక్ష తేదీ దాకా ఆగకుండా అదే సర్జన్ దగ్గరికి వెళ్లాలి. తీసిన పిత్తాశయాన్ని బయాప్సీకి పంపారో లేదో డిశ్చార్జి రోజే అడిగి, రిపోర్టు వచ్చాక స్వయంగా తీసుకోండి. అరుదుగానే అయినా, వాపుగా కనిపించిన పిత్తాశయంలో క్యాన్సర్ ఉన్న సంగతి ఆ కాగితంలోనే మొదటిసారి తెలుస్తుంది. అప్పుడు తర్వాతి చికిత్సకు వారాలు కూడా విలువైనవే.